కలరా ఉండలు – చంటిబిడ్డ పొత్తిగుడ్డలు



దసరాకి బీరువాలో వేసిన కలరా ఉండ ఉగాది నాటికి బఠాణీ గింజంతే మిగులుతుంది. మిగతాదంతా ఆవిరై కొంత పట్టుచీరల మడతల్లోకి, కొంత ఆ గదిలో పడుకునేవాళ్ల ఊపిరిలోకి పోయింది. ఆ ఉండల్లో ఉండేది బొగ్గు తారు నుంచి తీసే నాఫ్తలీన్. పురుగుల్ని చంపేది దాని ఆవిరే. ఆ ఘాటు పెద్దవాళ్లలో చాలామందికి తలనొప్పితోనో, వికారంతోనో పోతుంది. ఇంట్లో చంటిబిడ్డ ఉంటే మాత్రం లెక్క వేరు.

ఎర్ర రక్తకణాలను కాచే జి6పిడి అనే ఎంజైము కొందరికి పుట్టుకతోనే తక్కువ. ప్రపంచంలో సుమారు 40 కోట్ల మందికి ఈ లోపం ఉందని అంచనా. మగపిల్లల్లో ఎక్కువ. పైకి ఏ తేడా కనిపించదు. అలాంటి బిడ్డ ఒంట్లోకి నాఫ్తలీన్ చేరిందంటే ఎర్రకణాలు పగిలిపోతాయి. బిడ్డ పాలిపోతుంది, కళ్లు పచ్చబడతాయి, మూత్రం డికాక్షన్ రంగులో వస్తుంది. నెలలోపు బిడ్డకు ఆ కామెర్లు ముదిరితే మెదడు దెబ్బతినవచ్చు.

ఇక మన పురిటిళ్ల సంగతి చూడండి. మెత్తగా ఉంటాయని అమ్మమ్మగారి పాత నూలు చీరలు ట్రంకుపెట్టెలోంచి తీసి పొత్తిగుడ్డలు చేస్తాం. బిడ్డకు ఒళ్లంతా నూనె పట్టించి వాటిలో చుడతాం. నాఫ్తలీన్ నీళ్లలో దాదాపు కరగదు గాని, నూనెలో కరుగుతుంది. నూనె రాసిన ఒళ్లు దాన్ని మరింతగా పీల్చుకుంటుంది. పాత చీరను మించిన మెత్తని గుడ్డ లేదు, వద్దనను. ముందే బాగా ఉతికి, ఎండలో ఆరేయండి. ఇంకా వాసన వస్తుంటే ఆ గుడ్డ బిడ్డకు వద్దు. బాలింత గదిలోని బీరువాలో ఉండలు అసలే వద్దు.

యూరోపియన్ యూనియన్‌లో 2008 నుంచి నాఫ్తలీన్ ఉండల అమ్మకం నిషేధం. మన దగ్గర హోటల్లో చేతులు కడుక్కునే సింకులో కూడా దొర్లుతుంటాయి. పిప్పరమెంటు అనుకుని పిల్లలు నోట్లో వేసుకుంటారు. మింగితే వాంతి చేయించకండి. పాలు పట్టకండి, కొవ్వు పదార్థంతో కలిస్తే ఇంకా త్వరగా ఒంటపడుతుంది. ఆ ఉండల పొట్లం తీసుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. పిల్లవాడు ఆ పూట హుషారుగా ఆడుకుంటున్నాడని ఊరుకోవద్దు. రక్తకణాలు పగలడం ఒకటి రెండు రోజుల తర్వాత కూడా మొదలవుతుంది.

పురుగుల మాటంటారా? చెమట, కూర మరకలు ఉన్న బట్టలనే అవి ముందు పడతాయి. వెండిలా మెరిసే సన్న పురుగులకు గంజి ఇష్టం. దాచే చీరకు గంజి పెట్టకుండా, ఉతికి, బాగా ఆరబెట్టి మడత పెడితే సగం బెడద తీరుతుంది.

చివరగా ఒక మాట. జి6పిడి లోపం ఉందో లేదో రక్తపరీక్షలో తెలుస్తుంది. కానీ కణాలు పగులుతున్న సమయంలో చేస్తే, లోపం ఉన్నా ఫలితం మామూలుగానే రావచ్చు. అందుకని బిడ్డ తేరుకున్న కొన్ని నెలలకు మళ్లీ చేయించమని డాక్టరుగారు అంటే, బాగానే ఉన్నాడు కదా అని మానేయకండి.