లాయరుతో చెప్పుకున్న మాట కూడా అమానతే
(వార్షిక సభలో చేసిన ప్రసంగం)



కోనసీమ నుంచి, నరసాపురం, పాలకొల్లు వైపు నుంచి ఎంతోమంది కువైట్, దుబాయ్ వెళ్లారు. ఇప్పుడు పిల్లలు చదువులకు అమెరికా వెళ్తున్నారు. అక్కడ చిక్కొస్తే ఇంట్లోవాళ్లు లాయరును వెతుక్కుంటారు, ఖర్చుకు మన దగ్గరకు వస్తారు. అందుకే ఈ నాలుగు మాటలు.

2019 జనవరిలో అమెరికాలో ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం కేసు బయటపడింది. మొదట పట్టుకున్న 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు. వాళ్లలో తెలుగు పిల్లలు చాలామంది. ఆ విశ్వవిద్యాలయాన్ని మిషిగన్‌లో నడిపింది అక్కడి ప్రభుత్వ అధికారులే. కాలేజీ అనుకుని పిల్లలు రాసింది అధికారులకే చేరింది.

లాయరుతో మాట్లాడితే ఆ భయం ఉండకూడదు. మన దేశంలో భారతీయ సాక్ష్య అధినియం 132వ సెక్షన్ ప్రకారం, కక్షిదారు ఒప్పుకోకుండా లాయరు ఆ మాటలు బయటపెట్టకూడదు. నేరం చేయడానికి అడిగిన సలహాకు మాత్రం ఆ రక్షణ లేదు. అమెరికాలోనూ ఇలాంటి రక్షణ ఉంది. అయితే 2008 నాటి ఫిసా 702వ సెక్షన్ కింద, విదేశాల్లో ఉన్న విదేశీయుల మెయిళ్లను గూఢచార అవసరాలకు అక్కడి ప్రభుత్వం విడివిడి వారంట్లు లేకుండానే సేకరించవచ్చు. రాజమండ్రిలో కూర్చుని అమెరికా లాయరుకు మెయిలు రాసే తండ్రి వాళ్ల చట్టానికి విదేశీయుడే. ఆయన మెయిలు ఎవరో చదువుతున్నారని కాదు, చదవరన్న హామీ మాత్రం లేదు.

ప్రభుత్వాల సంగతి అలా ఉంచి మన చేతిలో ఉన్నది చూద్దాం. చందాల కోసం లాయరు రాసిన ఉత్తరం, పాస్‌పోర్టు కాపీ వాట్సాప్ గ్రూపుల్లో పెడుతుంటాం. వాట్సాప్ దారిలో సందేశానికి తాళం వేస్తుంది కానీ, రెండు వందల మంది ఫోన్లకు చేరాక ఆ తాళం పనిచేయదు. మీరే నలుగురికీ చెప్పుకున్నారు, ఇక రహస్యమేమిటని అవతలి పక్షం వాదించవచ్చు. గల్ఫ్‌లో యజమాని చేతికి అది చిక్కితే ఆ చెల్లెలి గతేమిటి?

కాబట్టి దాతలకు నా మనవి. కాగితాలు సంఘం తరఫున ఇద్దరు పెద్దలే చూడాలి. మిగతావారికి ఎంత కావాలో, దేనికో చెబితే చాలు. యజమాని ఇచ్చిన ఫోన్‌లో కేసు మాట్లాడవద్దని ఇంటివాళ్లకు చెప్పండి. పేరు అడగకుండా ఇచ్చే చేతులు మన ఊళ్లలో ఎన్నో ఉన్నాయి. ఈ కేసులకూ అలాగే ఇవ్వండి.

ఖుదా హాఫిజ్.