ఒక మాట - మూడు వార్తలు

(బ్రాక్‌నెల్ సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మొన్న మా మనవరాలు ఇంగ్లీషు పత్రిక తిరగేస్తూ, "తాతయ్యా, బంగాళాఖాతంలో డిప్రెషన్ అట. సముద్రానికి కూడా దిగులు పుడుతుందా?" అని అడిగింది. నవ్వుకున్నాను గాని, ఆ ప్రశ్నే ఈనాటి నా ప్రసంగానికి విషయమైంది.

ఆ మాటకు మూలం లాటిను భాష. కిందికి అదమడం అని అర్థం. పత్రికలవారు దాన్ని ముఖ్యంగా మూడుచోట్ల వాడతారు.

మొదటిది వాతావరణం. 1961 నుంచి, 2003లో ఎక్సెటర్‌కు తరలిపోయేవరకు, బ్రిటిష్ వాతావరణశాఖ ప్రధాన కార్యాలయం ఈ బ్రాక్‌నెల్‌లోనే ఉండేది. కనుక ఇది ఈ ఊరికి ఇంటిమాటే. ఇక్కడి వార్తల్లో డిప్రెషన్ అంటే అట్లాంటిక్ మీదుగా వచ్చే అల్పపీడనం. చాలాసార్లు గొడుగు పట్టుకు వెళితే సరిపోతుంది. మన దేశపు వాతావరణశాఖ లెక్క వేరు. అల్పపీడనం బలపడి గాలివేగం గంటకు 31 కిలోమీటర్లకు చేరితేనే డిప్రెషన్. మన పత్రికలు దాన్ని వాయుగుండం అంటాయి. ఇంకా బలపడి 62 దాటితే తుపాను. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనను ఎరిగినవారెవరూ ఆ మాట విని తేలికగా తీసుకోరు.

రెండోది వ్యాపారం. 1929లో న్యూయార్కు షేర్ల బజారు కూలాక లోకాన్ని పట్టిన కష్టానికీ ఇంగ్లీషులో అదే పేరు. మనవారు ఆర్థిక మాంద్యం అన్నారు. ఆకలి మందగిస్తే అగ్నిమాంద్యం అన్నట్టే. ఆ రోజుల్లో ధాన్యం ధర పడిపోయింది, శిస్తు భారం తగ్గలేదు. కృష్ణా గోదావరి డెల్టా రైతులు అప్పులపాలయ్యారు.

మూడోది మనసు. దీనికి మన పత్రికలు కుంగుబాటు అని రాస్తున్నాయి. నేల కుంగినట్టు మనిషి లోలోపల కుంగిపోవడం. చక్కని మాట. కాని మన ఇళ్లలో ఎందుకో పలకం. పిల్లలు "డిప్రెషన్‌గా ఉంది" అంటే మొదటి అర్థమే తీసుకుంటాం. మా అబ్బాయి కాలేజీ రోజుల్లో ఆ మాట అంటే, "ఈ దేశంలో ఎండ ఏదిరా! నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుంది" అన్నాను. ఏడాది తర్వాత డాక్టరు కూర్చోబెట్టి చెబితేగాని వాడు చెప్పింది నాకు అర్థం కాలేదు. వాడు కోలుకున్నాడు. నేనన్న మాట మాత్రం నాకింకా గుర్తుంది.

వాయుగుండం అని చదవగానే ఊళ్లో ఉన్న తమ్ముడికి ఫోను చేస్తాం కదా! ఇంట్లో పిల్లల నోట ఆ మాట వచ్చినప్పుడు కూడా అంత ఆత్రమూ చూపండి. పక్కన కూర్చుని, "ఎప్పటినుంచి నాన్నా?" అని అడగండి. డాక్టరు దగ్గరికి వెంట వెళ్లండి.

చిరంజీవులారా, మీరూ ఇంగ్లీషు మాటతో సరిపెట్టకండి. "మనసు కుంగిపోతోంది" అని చెప్పండి. అమ్మమ్మకైనా తాతయ్యకైనా వెంటనే తెలుస్తుంది.

మనవరాలికి ఒకటే చెప్పాను: సముద్రంలోది వాయుగుండం, మనిషిలోది కుంగుబాటు, రెండింటినీ ముందే కనిపెట్టాలి.

సెలవు.