సీటు నొప్పియు, టైరులోని ముల్లును
(వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయుడు మాతృభాషను గురించియో, క్రమశిక్షణను గురించియో మాట్లాడుట వాడుక. గడచిన సంవత్సరములలో మేమును అట్లే చేసితిమి. నేడు మాత్రము సైకిలు సీటును గురించియు, టైరులో దిగు ముల్లును గురించియు నాలుగు మాటలు చెప్పదలచితిమి. ఇది పరిహాసము కాదు. కారణము విన్న పిమ్మట మీరే ఒప్పుకొందురు.

మన హోసూరు ప్రాంతమున తెలుగు ఇంటి భాషగా తరతరములనుండి నిలిచియున్నది. కాని తెలుగు బడి ప్రతి ఊరిలోను లేదు. దూరపు పల్లెలనుండి మన పిల్లలు సైకిళ్ళపై వచ్చుచున్నారు. గత సంవత్సరము తొమ్మిదవ తరగతిలో ఒక బాలిక తరచు ఆలస్యముగా వచ్చుచుండెను. రెండు పర్యాయములు మందలించితిమి. మూడవ పర్యాయము తరగతి వెలుపల నిలువబెట్టితిమి. పిమ్మట ఆమె పది దినములు బడికి రాలేదు. పదునొకండవ దినమున తండ్రి వచ్చి టి.సి. ఇమ్మని కోరెను.

“సార్, తెలుగు వద్దని కాదు. పాప సైకిలు మీద కూచోలేకపోతా ఉంది. దినం విడిచి దినం పంక్చరు. ఊరి దగ్గర తమిళ బడికైతే నడిచే పోవచ్చు” అని ఆయన చెప్పెను.

సైకిలు తెచ్చి చూపుమని కోరితిమి. అది ఆ బాలిక అన్నది. ప్లస్ వన్ చదువునపుడు ప్రభుత్వము వారు ఉచితముగా ఇచ్చినది. అన్న పొడగరి. అతనికి సరిపడునట్లు ఎత్తిన సీటు అట్లే యున్నది. ముందు కొన పైకి లేచియున్నది. ఆ బాలికకు పెడలు కాలివ్రేళ్ళకు మాత్రమే అందుచుండెను. ట్యూబునకు తొమ్మిది అతుకులు. ఆ బండి ఏడాది పొడుగునను మా గది యెదుట వేపచెట్టు క్రిందనే నిలిచియుండెను. మేము దాని ప్రక్కగానే నడచితిమి, ఒక్కనాడును చూడలేదు. ఆలస్యమును చూచితిమి గాని, దాని కారణమును అడుగలేదు. ఆ తప్పు మాది.

గాలి టైరు చరిత్రయు ఇట్టి ఒక పిల్లవాని బండితోనే ముడిపడియున్నది. 1845లోనే థామ్సన్ అను నాతడు గాలి చక్రమునకు పేటెంటు పొందెను గాని, అది వాడుకలో నిలువలేదు. పిమ్మట బెల్‌ఫాస్టు నగరమున పశువైద్యుడగు జాన్ బాయిడ్ డన్‌లప్, గట్టి రబ్బరు చక్రముల మూడుచక్రాల బండిపై తన కుమారుడు పడు కుదుపును గమనించి, గాలి నింపిన గొట్టము నమర్చెను. తండ్రి గమనించినాడు, లోకమునకు మేలు కలిగినది. మేము గమనించని దానివలన ఒక బిడ్డ చదువు మారబోయినది.

ఇక సీటు సంగతి. కూర్చున్నపుడు మన బరువును మోయవలసినవి పిరుదుల అడుగున నున్న రెండు ఎముకలు. గట్టి బల్లపై కూర్చుండి అరచేతులు క్రింద నుంచినచో అవి తగులును. బల్లపై అట్టపెట్టె ముక్క పరచి, దానిపై కొంతసేపు కూర్చుండి లేచిన, రెండు గుంటలు పడును. సీటు వెనుకభాగము ఆ గుంటల నడిమి దూరము కంటె రెండు మూడు సెంటీమీటర్లు వెడల్పుగా నుండవలెను. ఆడపిల్లలకు ఈ దూరము సాధారణముగా కొంత ఎక్కువ. నిటారుగా కూర్చుండి త్రొక్కువారికి వెడల్పు సీటు మేలు.

మెత్తని సీటే సుఖమని పలువురు తలంతురు. కొద్ది దూరమునకు అది నిజమే. దూరము పెరిగినచో ఎముకలు మెత్తలో దిగబడి, నడిమి భాగము పైకి ఉబికి, సున్నితమైన నరములను ఒత్తును. తిమ్మిరి పుట్టును. తిమ్మిరి పుట్టుట సీటు సరిగా లేదనుటకు గుర్తు, ఓర్చుకొనవలసినది కాదు.

ఎత్తు కుదుర్చుట సులభము. సీటుపై కూర్చుండి, పెడలును అడుగునకు తెచ్చి, మడమ నుంచినపుడు కాలు చక్కగా చాగవలెను. త్రొక్కునపుడు పాదము ముందుభాగము నుంచుదుము గనుక మోకాలు కొద్దిగా వంగియుండును. నడుము ఇటునటు ఊగినచో సీటు ఎక్కువ ఎత్తు. మోకాలి ముందు నొప్పి తోచినచో తక్కువ కావచ్చును. సీటు గొట్టముపై గీత యున్నచో, అది వెలుపలికి కనబడునంతగా ఎత్తరాదు. పిమ్మట తాపీమేస్త్రి రసమట్టమును సీటుపై నుంచి సమముగా బిగింపవలెను. కొన పైకి లేచిన నొప్పి. క్రిందికి వాలిన ముందుకు జారి, బరువంతయు చేతులపై పడును.

పంక్చరులు గాలి తక్కువగుట వలనను కలుగును. ట్యూబులోని గాలి, బండి కదలకున్నను, కొంచెము కొంచెముగా పోవుచుండును. వారమున కొకమారు నింపవలెను. ఎంత నింపవలెనో టైరు ప్రక్కనే అచ్చువేసియుండును. గాలి తక్కువగా నున్న చక్రము రాతిపై ఎక్కినపుడు, ట్యూబు రాతికిని రిమ్మునకును నడుమ నలిగి ప్రక్క ప్రక్కనే రెండు రంధ్రములు పడును. ఒక్కటే రంధ్రమైన ముల్లో, మేకో. ట్యూబు లోపలివైపున రంధ్రమున్నచో దోషము చువ్వల కొనలది. రిమ్ము పట్టీ మార్చవలెను. రంధ్రమే కనబడక గాలి పోవుచున్నచో, వాల్వు లోపలి చిన్న రబ్బరు గొట్టము పాడైనదేమో చూడవలెను.

మన దారులలో కంచెలకు తుమ్మకంప తీసికొని పోవుదురు, ముండ్లు రాలును. బాట అంచులలో పల్లేరుకాయలుండును. కనుక అంచును వదలి నడుపుట మంచిది. కాని వెనుకనుండి వచ్చు లారీని మరువరాదు.

ఆ బాలిక ట్యూబునకు తొమ్మిది అతుకులని చెప్పితిమి కదా. వానిలో నాలుగు ఒక్కచోటనే యున్నవి. వాల్వు గుర్తుగా ట్యూబును టైరు ప్రక్కన పెట్టి, టైరు లోపల గుడ్డతో మెల్లగా తుడిచితిమి. గుడ్డ ఒకచోట తగులుకొన్నది. విరిగిన తుమ్మముల్లు కొన, గోటి చివరయంత. అతుకు వేసినవారు ట్యూబును బాగుచేసిరి. ముల్లును అచ్చటనే యుంచిరి. ఆ యొక్క కొన నాలుగు దినముల చదువును తినినది.

ముల్లు తీసి, సీటు దించి, సమము చేసి, గాలి నింపితిమి. అరగంట పట్టినది. తండ్రి టి.సి. అడుగక వెడలెను. ఆ బాలిక నేడు పదవ తరగతిలో ఈ సభయందే యున్నది. ఈ యేట రెండు పర్యాయములు ఆలస్యముగా వచ్చినది. రెండు పర్యాయములును కారణము అడిగి తెలిసికొంటిమి.

అప్పటినుండి వేపచెట్టు క్రింద ఒక గాలిపంపు, సీటు నట్టునకు సరిపడు స్పానరు, అతుకుల పెట్టె ఉంచితిమి. సోమవారము ప్రార్థనకు ముందు పెద్ద తరగతుల పిల్లలు చిన్నవారి చక్రములను బొటనవ్రేలితో నొక్కి చూతురు. తల్లిదండ్రులకు మా విన్నపమొకటి: అన్న బండిని చెల్లెలికి ఇచ్చునపుడు సీటును కూడ ఆమె కొలతకు దించి ఇండు. తోడి ఉపాధ్యాయులకు మనవి: ఆలస్యమునకు శిక్ష వేయుటకు ముందు, ఒకసారి బండి దగ్గరకు నడచి చూడుడు.

మన భాషను చదువుకొనుటకు ఇంత దూరము త్రొక్కుకొని వచ్చు బిడ్డల దారి నొప్పి లేనిది యగుగాక.