ఐ.సి.యు. నుండి నేరుగా ఇంటికా?



ఐ.సి.యు.లోని రోగిని వార్డుకు మార్చకుండా నేరుగా ఇంటికి తేవచ్చునా అని సభ్యులు అడుగుతున్నారు. మేము డాక్టర్లము కాము, ఉర్దూ పంతుళ్లము. చదివి తెలుసుకున్నది చెబుతాము.

కెనడాలోని అల్బర్టా రాష్ట్రంలో 6732 మంది రోగుల లెక్కలు తీసి 2018లో ప్రచురించారు. అందులో 922 మంది ఐ.సి.యు. నుండే ఇంటికి వెళ్లారు. వార్డు మీదుగా వెళ్లిన అటువంటి రోగులతో పోల్చితే, నెలలోగా మళ్లీ ఆసుపత్రిలో చేరినవారు వీరిలో నూటికి 10, వారిలో 11. ఏడాదిలోగా మరణించినవారు రెండు వైపులా నూటికి 4. బాగానే ఉంది. కాని వీరెవరు? చాలామంది కాస్త చిన్న వయసువారు. మందు మోతాదు మించినవారు, మూర్ఛ వచ్చినవారు, అంటే త్వరగా తేరుకునేవారు. పైగా పంపింది డాక్టర్లు.

మన దగ్గర జరిగేది వేరు. బిల్లు కట్టలేక, "మా ఇష్టంతోనే తీసుకుపోతున్నాము" అని సంతకం పెట్టేస్తాము. దానికి ఆ లెక్కలు వర్తించవు. వెంటిలేటరు మీది మనిషిని తెచ్చుకొని కెనడా పేరు చెబితే ఎలాగండీ? డబ్బే అడ్డమైతే సంతకానికి ముందే కమిటీకి కబురు చెయ్యండి. పేదవాడి వైద్యానికి జకాత్ ఇవ్వవచ్చును.

డాక్టరే పంపితే మాత్రం అడగవలసినవి ఉన్నాయి. ఆక్సిజన్ లేకుండా ఊపిరి ఆడుతోందా? తిని, లేచి నడుస్తున్నాడా? ఐ.సి.యు.లో మొదలుపెట్టిన మందుల్లో ఏవి ఆపాలి? ఏ లక్షణం కనబడితే అర్ధరాత్రయినా తీసుకురావాలి? జవాబులు ఇంట్లో రోగిని చూసుకునేవారు చదవగలిగే లిపిలో ఉండవలెను. మందుల చీటీ ఇంగ్లీషులో ఉంటుంది, అమ్మీకి ఉర్దూయే వస్తుంది. చీటీ తెండి, మగ్రిబ్ తర్వాత మేము రాసిపెడతాము.