క్వాంటమ్ విద్యలో కృతార్థులగుట యెట్లు?

(సామల్పట్టిలో మన సంఘమువారు జరిపిన విద్యార్థుల అభినందన సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను చింతపండు వ్యాపారిని. మెట్రిక్యులేషనుతో చదువు ముగించినవాడను. క్వాంటమ్ కంప్యూటింగును గూర్చి ప్రసంగించుటకు నాకేమి అర్హత యని మీరడుగవచ్చును. మా తమ్ముని కుమార్తె ఇంజనీరింగు కళాశాలలో ఆ విషయమును తీసికొని, తొలి పరీక్షలో 30 మార్కులకు 9 తెచ్చుకొని, కడపట మంచి శ్రేణిలో ఉత్తీర్ణురాలైనది. నడుమ జరిగినదానిని నేను కన్నులార చూచితిని. అదియే నా అర్హత.

ఈ విద్య నేడు మన గుమ్మము ముందటికే వచ్చినది. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ 2021లో క్వాంటమ్ టెక్నాలజీలో ఎం.టెక్. ప్రారంభించినది. 2023 ఏప్రిలులో కేంద్ర ప్రభుత్వము 6,003 కోట్ల రూపాయల పైచిలుకుతో జాతీయ క్వాంటమ్ మిషనును మంజూరు చేసినది. కనుక మన బిడ్డలును ఈ తరగతులలో చేరుదురు. చేరినవారు నెగ్గుట యెట్లు అనునదే ప్రశ్న.

తొలి పరీక్ష పిమ్మట అమ్మాయి ఇంటికి వచ్చి, “పెదనాయనా, ఈ సబ్జెక్టు మానుకొంటాను” అనినది. “నీవు నేర్చినది నాకు తెలుగులో చెప్పు” మంటిని. “అన్ని జవాబులను ఒకేసారి ప్రయత్నించే యంత్రము” అనినది. “అట్లయిన వానిలో సరియైన జవాబును ఏరునదెవరు?” అని యడిగితిని. ఆమె నిరుత్తరురాలైనది. లోపము అచ్చటనే బయటపడినది. వినిన మాటను అప్పగించుట వేరు, తెలియుట వేరు.

రెండు వారములకు ఆమెయే నాకు లెక్క వ్రాసి చూపినది. మామూలు బిట్టు 0 గాని 1 గాని. క్యూబిట్టునకు ఆ రెంటికిని చెరియొక సంఖ్య యుండును. అది ఋణసంఖ్యయు కావచ్చును. నాణెమును ఒకసారి ఎగురవేసినను, మరల ఎగురవేసినను బొమ్మ పడు అవకాశము సగమే. కాని 0 స్థితిలోని క్యూబిట్టునకు హాడమార్డ్ గేటును ఒకసారి ప్రయోగించిన సగము సగము. రెండవసారి ప్రయోగించిన నిశ్చయముగా మరల 0. ఏలయన, 1 నకు పోవు రెండు దారులలో ఒకదాని పద్దు అర జమ, రెండవదాని పద్దు అర ఖర్చు. నిల్వ సున్న. 0 నకు పోవు దారులు రెండును అర జమలే, కలిసి ఒకటి. తప్పు జవాబులు ఇట్లు చెల్లుబడి, సరియైనది మిగులునట్లు పద్దులు వ్రాయుటయే ఈ విద్యలోని నేర్పు. 1996లో గ్రోవర్ చూపిన పద్ధతిలో, వరుస లేని 10,000 పద్దులలో ఒకదానిని వెదకుటకు 80 లోపు అడుగులు చాలునట.

ఆమె చేసినవి రెండే పనులు. మొదటిది పునాది. సంకీర్ణ సంఖ్యలు, సదిశలు, మాత్రికలు — అనగా లీనియర్ ఆల్జీబ్రా — మొదటినుండి తిరిగి చదివినది. క్యూబిట్లు 10 అయిన సంఖ్యలు 1,024. 20 అయిన 10,48,576. ఒకటి రెండు క్యూబిట్ల లెక్క చేతితో చేయనివానికి ఇరువది క్యూబిట్లది అంతుపట్టునా? ప్రతి ఉదయము నాలుగు లెక్కలు కాగితముపై చేసిన తరువాతనే కంప్యూటరును ముట్టినది. ఎన్‌పీటెల్ వారి ఉచిత పాఠములను విన్నది.

రెండవది సిగ్గు విడుచుట. మన బిడ్డలకు ఇంట తెలుగు, వీధిలో తమిళము, తరగతిలో ఆంగ్లము. మాట తడబడిన నవ్వుదురేమో యని ప్రశ్నను మ్రింగివేయుదురు. ఆమె ప్రశ్నను ముందుగా వ్రాసికొని, తరగతి ముగిసిన పిమ్మట అధ్యాపకుని వద్దకు పోయెడిది. తోటివారు నలుగురు కూడి, వంతులవారీగా ఒకరికొకరు బోధించుకొనిరి.

మూడవ పని మాది. దానిని మేము ఆలస్యముగా చేసితిమి. ఆ తొలి పరీక్షకు ముందటి వారమున, బంధువుల నిశ్చితార్థమునకు ఆమెను పట్టుబట్టి పిలిపించినది నేనే. ఆ 9 మార్కులలో నా పాలును కలదు.

కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1920లో కన్నడ సీమయందలి హడగలిలో తెలుగు కుటుంబమున జన్మించిరి. 1945లో వారు ప్రకటించిన గణిత ఫలితము నేడు క్వాంటమ్ కొలతల శాస్త్రమున వారి పేరుతోనే వాడబడుచున్నది. తమ గ్రంథమొకదానిని వారు తల్లికి అంకితమిచ్చుచు, ఆమె చిన్ననాట తమ్ము తెల్లవారుజామున నాలుగు గంటలకు లేపి, నూనెదీపము వెలిగించెడిదని స్మరించిరి. ఆ తల్లి కుమారుని లెక్కలు చేయలేదు. లెక్కలు చేసికొను వేళను కాపాడినది.

మనకును అదియే చేతనైన పని. పరీక్షల మాసములో ఏ పెండ్లిపిలుపు వచ్చినను, బిడ్డను పిలువక మనమే పోయి అక్షింతలు వేసి వత్తము.