పరుల కంటబడని శక్తి
(ఖరగ్‌పూర్, గోల్‌బజారులో జరిగిన ఆంధ్రుల సమావేశమున చేసిన ప్రసంగము)



బెంగాల్ నాగపూర్ రైల్వే నాటినుండి ఈ పట్టణమున స్థిరపడి, తరములు గడచినను తెలుగును విడువని మీ యెదుట మాటలాడుట నా భాగ్యము. నేటి విషయము పిల్లల ఆటకు సంబంధించినది. అయినను పెద్దలు వినదగినదే.

1974లో అమెరికాలో గైగాక్స్, ఆర్నెసన్ అను ఇరువురు ‘డన్జన్స్ అండ్ డ్రాగన్స్’ అను ఆటను వెలువరించిరి. ఆడువారు తలకొక పాత్రను ధరింతురు. ఒకరు సూత్రధారియై కథ నడుపుదురు. సందేహము కలిగినచోట పాచికలు తీర్పు చెప్పును. నిన్న సాయంకాలము నాకు ఆతిథ్యమిచ్చినవారి యింట పిల్లలు అట్టి ఆటయే ఆడుచుండిరి. ఒక బాలుడు తన పాత్రకు ఎవరును చూడనప్పుడు మాత్రమే పనిచేయు బలమును కోరుకొనెను. అంతట మాటిమాటికి తోడివారిని విడిచి ఒంటరిగా పోసాగెను. తక్కినవారు చేతులు ముడుచుకొని కూర్చుండిరి. అరగంటలో ఆట కలహముగా మారినది. “మేం చూసినా నీ బలం పోతుందా?” అని ఒక బాలిక అడిగినది. దానికి సమాధానము తిక్కనగారి విరాటపర్వమున కలదు.

పదుమూడవయేట గుర్తింపబడినచో పాండవులకు మరల పండ్రెండేండ్ల అరణ్యవాసము. గమనింపుడు: భీముని బలము ఎక్కడికిని పోలేదు, దానిని పదుగురిలో చూపినచో చెల్లింపవలసిన వెల మాత్రము పెరిగినది. నిండుకొలువులో కీచకుడు ద్రౌపదిని తన్నినప్పుడు వలలుని చూపు ఒక మ్రానుపై పడెను. ధర్మరాజు వంటకట్టెల నెపమున వారించెను. బలముండియు ఆగవలసి వచ్చుటలోనే ఆ ఘట్టమునకు రసము. కావున మొదటి సూత్రము: పరులు చూచినంతనే శక్తి మాయము కారాదు, వెల పెరుగవలెను. చెల్లించుటయో, ఓర్చుకొనుటయో ఆటగాడే నిర్ణయించుకొనును.

రెండవది: చూచువాడనగా ఎవడు? కీచకుని రాత్రివేళ నర్తనశాలకు రప్పించినది ద్రౌపదియే. ఆమెకు సర్వము తెలిసియున్నను నియమభంగము కాలేదు. రహస్యమును బయటపెట్టగల పరాయివాడే చూపరి, తోడివాడు సహాయుడు. ఈ సూత్రమున్నచో ఆ బాలుడు మిత్రులను విడిచిపోనక్కరలేదు. ఒకరు ఏమార్తురు, ఒకరు కాపు కాతురు. అందరికిని పని దొరకును.

మూడవది: జాడ. చంపినవారు గంధర్వులని విరాటనగరము నమ్మినను, కీచకుని మరణవార్త హస్తినాపురమునకు చేరక మానలేదు. అదియే గోగ్రహణమునకు దారి తీసినది. చేయి కనబడకున్నను చేసిన పని కనబడును. సూత్రధారి దీనిని మరువరాదు.

మా కార్యాలయములలో, పై అధికారి చూచుచున్నప్పుడు మాత్రమే పనిచేయు శక్తులు కొన్ని కలవు. వానికి సూత్రములు కల్పించుట నా తరము కాదు!

ఆ పిల్లలు నేటి ఉదయము ఈ మూడు సూత్రములతో మరల ఆటకు కూర్చుండిరి. కాపు కాయుటకు ఆ బాలికయే ముందుకు వచ్చినది. ఫలితమెట్లున్నదో వారినే అడుగుడు. వెనుక వరుసలో కూర్చుండియున్నారు.

సెలవు.