యాప్ విద్య నభ్యసించు యువజనులకు
(గోరంట్లలో జరిగిన వార్షిక మహాసభయందలి ఉపన్యాసము)



చిత్రావతీ తీరమున, మాధవరాయస్వామి దేవాలయముచే ప్రసిద్ధికెక్కిన ఈ గోరంట్లయందు సమావేశమైన మన కుల మహాసభలో విద్యావిషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని ఆహ్వానసంఘమువారు మమ్ము కోరిరి. విద్య యన్నంతనే పాఠశాలలు, వసతిగృహములు, విద్యార్థివేతనములు జ్ఞప్తికి వచ్చుట సహజము. మేము నేడు మనవి చేయదలచినది వేరొక విద్య. మన యిండ్లలోని యువతీయువకులు పలువురు కళాశాలకు పోక, గురువు లేక, యింటనే కూర్చుండి ఫోనులకు యాప్‌లను నిర్మించు విద్యను నేర్వగోరుచున్నారు. వారు తొలుత అడుగు ప్రశ్న యొకటే: ఏ ప్రోగ్రామింగు భాష నేర్వవలెను? ఏ ప్లాట్‌ఫారము నెన్నుకొనవలెను? ఈ ప్రశ్నకు నిలుకడయైన సమాధానము లేక యువజనుల కాలమును, తలిదండ్రుల ధనమును వ్యర్థమగుచున్నవి. కావున దీనిని కులసభలో చర్చించుట అప్రస్తుతము కాదు.

మగ్గమును నమ్ముకొన్న మనకు ఈ విద్య పరాయిది కాదు. 1804వ సంవత్సరమున ఫ్రాన్సు దేశీయుడగు జాకార్డు, రంధ్రములు పొడిచిన అట్టలచే నడచు మగ్గమును కల్పించెను. రంధ్రమున్నచోట పడుగుపోగు లేచును, లేనిచోట లేవదు. ధర్మవరమునందలి పట్టుచీరల అంచులును కొంగులును నేటికిని జాకార్డు పద్ధతిచేతనే నేయబడుచున్నవి. ఇంగ్లండునందు చార్లెస్ బాబేజి తన గణనయంత్రమునకు ఆజ్ఞలనిచ్చుటకై ఈ అట్టల పద్ధతినే గ్రహింపదలచెను. యంత్రమునకు ముందుగా వ్రాసియిచ్చిన ఆజ్ఞల వరుసయే ప్రోగ్రాము. కావున అట్టలు పొడుచుట యెరిగిన యింటి బిడ్డ 'ఇది మా వలన నగునా' యని వెనుదీయ నవసరము లేదు.

ఇక ప్రశ్నకు వత్తము. భాషను ముందుగా నెన్నుకొనుటయే తొలి పొరపాటని మా యభిప్రాయము. నేత నేయువాడు ముందు అచ్చుకట్టు కొని, పిదప ఏ చీర నేయుదునని యాలోచింపడు. ఏ చీర, ఎవరికి, తన మగ్గమేది యని చూచును. అట్లే యువకుడును తన్ను తాను మూడు ప్రశ్న లడుగుకొనవలెను. నేను నిర్మింపదలచినది ఏమి? దానిని వాడువారి చేతనున్న ఫోను ఏది? నా యొద్దనున్న కంప్యూటరు శక్తి యెంత? ఈ మూడింటికి సమాధానము దొరకినచో భాష తనంతట తానే తేలును.

మొదట ప్లాట్‌ఫారమును గూర్చి. మన దేశమున ఫోనులు వాడువారిలో నూటికి తొంబదిమందికి పైగా ఆండ్రాయిడ్ ఫోనులనే వాడుచున్నారు. నేతగానికి, వేరుసెనగ రైతునకు, గ్రామములోని కిరాణా వర్తకునికి ఉపకరించు యాప్ చేయదలచినవాడు ఆండ్రాయిడ్‌ను విడిచి ఆపిల్ వైపు పోవుట సంత యొకచోట జరుగుచుండగా మూట వేరొకచోట దింపుటయే. వ్యయమునందును భేదము కలదు. గూగుల్‌వారి అంగడిలో యాప్ నుంచుటకు 25 డాలర్ల రుసుము ఒక్కసారి చెల్లించిన చాలును. ఆపిల్‌వారికి ఏటేటను 99 డాలర్లు చెల్లింపవలెను. అంతియకాక ఆపిల్ ఫోనునకు యాప్‌ను కూర్చు తుదిఘట్టమున మాక్ కంప్యూటరు, సొంతముది కాకున్న అద్దెదైనను, కావలసియే యుండును.

గూగుల్‌వారి యొద్దను ఒక నియమము కలదు. 2023 నవంబరు 13వ తేదీకి పిదప వ్యక్తిగతముగా ఖాతా తెరచినవారు, యాప్‌ను లోకమునకు విడుదల చేయుటకు మున్ను, పన్నెండుగురిచేత పదునాలుగు దినములు ఎడతెగక పరీక్ష చేయింపవలెను. ఒంటరిగా నేర్చుకొను పిల్లవానికి పన్నెండుగురు ఎక్కడ దొరకుదురు? ఇట్టి చోటనే కులసంఘము ఉపకరింపవలెను.

మూడవ మార్గ మొకటి కలదు. అది వెబ్. బ్రౌజరులో నడచు యాప్ ఆండ్రాయిడ్‌నందును ఆపిల్‌నందును కంప్యూటరునందును నడచును. అంగడి రుసుము లేదు, అంగడివారి యనుమతి యక్కరలేదు.

ఇక భాషలు. ఆండ్రాయిడ్‌కు 1995లో వెలువడిన జావా చిరకాలము ముఖ్యభాషగా నుండెను. 2017లో గూగుల్‌వారు కోట్లిన్ భాషను అంగీకరించి, 2019లో దానికే ప్రథమస్థాన మొసంగిరి. ఆపిల్‌కు 2014లో వెలువడిన స్విఫ్ట్ ముఖ్యభాష. ఒకసారి వ్రాసి రెండు ఫోనులకును వాడుకొనగోరువారికి డార్ట్ భాషతో ఫ్లట్టర్, జావాస్క్రిప్టుతో రియాక్ట్ నేటివ్ అను సాధనములు కలవు. 1991లో వెలువడిన పైథాన్ నేర్చుటకు సులభమైన భాష. లెక్కలకు, సమాచార పరిశీలనకు అది మిక్కిలి తగినది. కాని ఫోను యాప్‌లకు రాజమార్గము కాదు.

వీనిలో దేనిని కైకొనవలెను? మా సలహా స్పష్టముగా మనవి చేయుచున్నాము. ఆండ్రాయిడ్ స్టూడియో అను సాధనమునకు గూగుల్‌వారు కనీసము 8 జీబీల మెమొరీ చెప్పుచున్నారు. కంప్యూటరు లోపలనే నకిలీ ఫోనును నడుపవలెనన్న 16 జీబీలు కావలెను. పాత లాప్‌టాప్‌లో 4 జీబీలే యున్నవాడు కోట్లిన్‌తో పెనగులాడి, యంత్రము కదలక, తనకే తెలివి లేదని క్రుంగిపోవుచున్నాడు. దోషము వానిది కాదు, యంత్రముది. అట్టివాడు హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్టులతో వెబ్ మార్గమున బయలుదేరవలెను. 8 జీబీలున్నవాడు నకిలీ ఫోనును విడిచి, తన నిజమైన ఫోనునే తీగతో కలిపి, కోట్లిన్ నేర్వవచ్చును. ఆపిల్ ఫోనులు వాడువారును అవసరమగు పని చేతనున్నవాడు ఫ్లట్టర్‌ను గ్రహింపవచ్చును. దేనిని గ్రహించినను, ఒక్క చిన్న యాప్ పూర్తియగువరకు దానిని విడువరాదు.

ఈ తుదిమాటయే మా యుపన్యాసమునకు ప్రాణము. మన కరవుసీమలో బోరుబావి త్రవ్వించి చెడినవారిని మనమందరము చూచితిమి. నీరు పడలేదని ఒకచోట విడిచి, రెండవచోట, మూడవచోట త్రవ్వించి, పొలమంతయు గుంతలు చేసి, అప్పు మాత్రము మిగుల్చుకొన్న కుటుంబము లెన్నియో. నేడు యువకులు మూడు వారములు జావా, రెండు వారములు పైథాన్, అంతలో ఎవరో చెప్పిరని ఫ్లట్టర్ అని తిరుగుచు ఆ గుంతలనే త్రవ్వుచున్నారు. బోరునకును భాషకును ఒక భేదము కలదు. నేలలో నీరు లేనిచో ఎంతలోతు పోయినను లేదు. భాషలో నన్ననో, అన్నిటను నీరు కలదు. విలువను పేరుతో దాచుకొనుట, షరతు పెట్టుట, ఒక పనిని మరల మరల చేయించుట, పెద్దపనిని చిన్నపనులుగా విభజించుట, తప్పును వెదకి సరిదిద్దుట అనునవి అన్ని భాషలకును సమానములు. ఒకదానియందు లోతుగా నేర్చినవానికి రెండవది శీఘ్రముగా పట్టుబడును.

మొదటి యాప్ ఏది చేయవలె నందురా? ఇంటిలోనే కలదు. పట్టు ఎంత తూకము తెచ్చితిమి, చీర ఏనాడు ఇచ్చితిమి, కూలి యెంత ముట్టెను, షావుకారు వద్ద బాకీ యెంత యను లెక్క నేటికిని పలు నేతయిండ్లలో చీటీలమీదనో, నోటిమాటమీదనో నడచుచున్నది. ఈ లెక్కను తెలుగులో చూపి, ఇంటర్నెట్ లేకున్నను నడచు చిన్న యాప్‌ను చేసినవాడు తన తల్లికే మొదట ఉపకారము చేసినవాడగును. రాజస్థానమునందలి అల్వరులో ఇమ్రాన్ ఖాన్ అను ఉపాధ్యాయుడు స్వయముగా నేర్చుకొని యేబదికి పైగా విద్యావిషయకమగు యాప్‌లను నిర్మించెను. 2015 నవంబరున లండనులోని వెంబ్లీ సభలో ప్రధానమంత్రి ఆయన పేరు నుగ్గడించెను. ఆయన తన విద్యార్థులకు కావలసినదానితో ప్రారంభించెనని మన యువజనులు గమనింపవలెను.

తెలుగులో యాప్ చేయువారికి ఒక హెచ్చరిక. 'స్త్రీ' యనునది మన కంటికి ఒక్క యక్షరము, యంత్రమునకు ఆరు సంకేతముల కూర్పు. అక్షరములు లెక్కించునప్పుడును, పేరును కత్తిరించి చూపునప్పుడును దీనిని మరచిన మాట విరిగిపోవును. 2018 ఫిబ్రవరిలో తెలుగు 'జ్ఞా' గుణింతముయొక్క ఒక విశేషరూపము సందేశముగా రాగానే ఆపిల్ ఫోనులలో యాప్‌లు కూలిపోయెను. ఆ సంస్థవారు ఆ నెలలోనే సరిదిద్దిరి. అంతటివారికే తప్పినది గనుక, మన భాష యెరిగిన నిర్మాతలు కావలసియున్నారని దీనివలన తేలుచున్నది.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడినది మొదలు, యంత్రమే ప్రోగ్రాము వ్రాయుచుండగా మన మేల నేర్వవలె నని కొంద రడుగుచున్నారు. యంత్రము నడుగుడు, తప్పులేదు. కాని అది యిచ్చిన ప్రతి పంక్తియు ఏమి చేయునో చెప్పగలిగిన పిదపనే గ్రహింపుడు. కూలిలెక్క తప్పినచో షావుకారు నెదుట నిలువవలసినవాడు నేతగాడు గాని యంత్రము కాదు.

తలిదండ్రులకు ఒక మాట. నూరు మైళ్లకు లోపుననే బెంగుళూరు కలదు. అచట ఉద్యోగము నిశ్చయమని చెప్పి వేలకువేలు రుసుము గైకొను శిక్షణాలయములు కలవు. నగలు కుదువబెట్టి పంపుటకు ముందు, బిడ్డ యింటనే మూడు నెలలు అభ్యసించి ఒక్క చిన్నపని పూర్తిచేసెనా యని విచారింపుడు. యాప్ నేర్చినంతమాత్రమున ఉద్యోగము వచ్చితీరునని మేము చెప్పజాలము. పూర్తిచేసిన పని చేతనున్నవానికి చెప్పుకొనుటకు ఒక మాట యుండునని మాత్రము చెప్పగలము.

పోషక మహాశయులారా! 2024 జనవరిలో ఈ మండలమునందలి పాలసముద్రమున కేంద్రప్రభుత్వమువారి కస్టమ్సు శిక్షణాసంస్థ ప్రారంభింపబడినది. పెనుగొండ చెంత కార్ల కర్మాగారము నడచుచున్నది. మహాసంస్థలు మన గుమ్మములోనికి వచ్చినను, వానిలో మన బిడ్డల స్థానము మనమే సిద్ధపరుపవలెను. మా ప్రార్థన స్వల్పము. సంఘ భవనమున ఒక గది, 16 జీబీల మెమొరీ గల నాలుగు కంప్యూటర్లు, ఇంటర్నెట్, సాయంకాలము వరకు తలుపు తెరచియుంచు ఒక పెద్ద. బెంగుళూరు పంపజాలమని ఇంటనే నిలిపివేసిన మన యాడుబిడ్డలకు ఈ గది ముఖ్యముగా నుపకరించును. వారు చేసిన యాప్‌ను పదునాలుగు దినములు పరీక్షించుటకు పన్నెండుగురు కావలెనని మనవి చేసితిమి. ఈ సభయందే అంతకు పెక్కురెట్లు జనులు కలరు.

వచ్చే వార్షిక మహాసభనాటికి మన యువజనులు చేసిన ఒక్క యాప్ ఐనను ఈ వేదికపై చూపబడుగాక యని కోరుచున్నాము.